చుట్టాల బోర్డే చల్లని బోర్డు!

కంపెనీ బోర్డులో పరాయివాళ్ళెందుకండీ? చుట్టాలు చాలరూ?

మా మరిది కుక్కర్ల కంపెనీకి చైర్మన్. బోర్డులో స్వతంత్ర డైరెక్టర్ ఒకరు ఉండి తీరాలట. అంటే కంపెనీతో ఏ సంబంధమూ లేని మనిషి. వెతికి వెతికి నన్ను పెట్టారు. నాకేం సంబంధం? చైర్మన్‌కి వదినను, అంతే కదా!

తప్పులు పట్టే ఆడిట్ కమిటీకి ఆయన బావమరిది పెద్ద. పట్టుకున్న తప్పులన్నీ కడుపులో దాచుకుంటాడు. అంతకంటే భద్రమైన లాకరుందా? ఇక ఫిర్యాదుల పెట్టె చైర్మన్ గదిలోనే ఉంటుంది, తాళంచెవి ఆయన జేబులో. ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు రాలేదు. నీతి అంటే అదీ!

మీటింగులూ అంత హాయిగానే సాగుతాయి. కాగితాలు చదివి కళ్ళు పాడుచేసుకోనక్కర్లేదు. మా మరిది దగ్గుతాడు, మేం చేతులెత్తుతాం. కునుకు తీసేవాళ్ళక్కూడా ఎంత సదుపాయమో చూడండి!

ఇంత చక్కని కాపురంలో చిచ్చు పెట్టింది మరిది చిన్నకోడలు. ఇంజనీరింగ్ చదివిన పిల్ల, టెస్టింగ్ విభాగానికి హెడ్డు. ఇంటల్లుడు చవగ్గా తెచ్చిన సేఫ్టీ వాల్వులు ఆవిరికి తెరుచుకోవడం లేదనీ, కుక్కర్లు పేలతాయనీ పరీక్ష చీటీల మీద సంతకం పెట్టనంది. సంతకమైనా పెట్టాలి, కుర్చీ అయినా దిగాలి. ఆ తగువు మీదే బోర్డు కూర్చుంది.

"ఇంటల్లుడి సరుక్కే వంక పెడతావా అమ్మా? పెట్టెయ్ సంతకం!" అన్నాడు మా మరిది, టీ తాగుతూ.

"పెడతాను మామయ్యగారూ. ముందు మనందరం తలా ఒక కుక్కరు ఇంటికి పట్టుకెళ్ళి, రేపటి వంట అందులోనే చేద్దాం. సరేనన్నవాళ్ళు చేతులెత్తండి."

మా మరిదికి టీ పొలమారింది. ఖళ్ళుఖళ్ళున దగ్గాడు.

ఇంకేముంది, టపటపా చేతులు లేచాయి! నిద్రలో ఉన్న బావమరిదైతే రెండు చేతులూ ఎత్తేశాడు!

"ఏకగ్రీవం," అన్నాడు సెక్రటరీ, రాసుకుంటూ.

అప్పుడు చూడాలి మా వాళ్ళ అవస్థ!

"మా ఆవిడ పుట్టింటికెళ్ళిందండీ!" అన్నాడు బావమరిది.

"మీ ఆవిడ నీ పక్కనే కూర్చుందిరా!" అన్నాన్నేను.

"మేం అన్నీ హోటల్నించే తెప్పించుకుంటాం," అన్నాడు వాల్వులు తెచ్చిన అల్లుడు.

"మరి మీరో అత్తయ్యా?" అన్నాడు, మాట నా మీదికి తిప్పుతూ.

"ఈ మధ్య పచ్చికూరలే నములుతున్నాను నాయనా," అన్నాను. నోట్లో ఒక్క పన్ను లేదు!

అయినా మా బోర్డు చురుకుదనం చూడండి. అక్కడికక్కడే ఖరీదైన మేలురకం వాల్వులు తెప్పించింది. డైరెక్టర్ల కుక్కర్లకు.

"మిగతావాటికి?" అంది పిల్ల.

"అవి బజారుకే కదమ్మా!" అన్నాడు మరిది, జాలిగా.

పిల్ల మా కుక్కర్లు పరీక్షించి, వాటి చీటీల మీద మాత్రం సంతకం చేసి, లేచి వెళ్ళిపోయింది. ఆ కుర్చీలో అల్లుడి తమ్ముణ్ణి కూర్చోబెట్టాం. మంచివాడు, లోడు మొత్తానికి లారీ దగ్గరే నిలబడి సంతకాలు పెట్టేశాడు. బండ్లు అన్ని ఊళ్ళకూ వెళ్ళాయి.

మా కుక్కరు బంగారమండీ, రోజూ భయం లేకుండా పక్కనే కూర్చుని వండుకుంటున్నాను. దాని మీద ఉన్నది పిల్ల సంతకం.

మీ కుక్కరు మీద ఎవరిదుందో, ఒకసారి చూసుకున్నారా?