భోంచేసి వెళ్దురు గాని!

రిటైరయ్యాక విదేశాల్లో కాపురం పెట్టినవాళ్ళంత దౌర్భాగ్యులు ఈ భూమ్మీద లేరని ఘంటాపథంగా చెబుతున్నాను! ఒప్పుకోరా? అయితే వాళ్ళ పాట్ల మీద తీసిన సినిమా ఒకటి అమలాపురంలో ఆడుతోంది, చూసి రండి. జనం పగలబడి నవ్వుతున్నారు. నాకు మాత్రం కడుపు తరుక్కుపోయింది.

అక్కడ ఒకరింటికి వెళ్ళాలంటే వారం ముందు ఫోన్ చెయ్యాలట! చేసి వెళ్ళినా గుమ్మంలోనే మాట్లాడి పంపేస్తారట! అదీ ఒక బతుకేనా?

నేను మామిడికుదురు మండలాఫీసులో రిటైరై మూడేళ్ళయింది. అప్పట్నుంచి మా ఆవిడ భవానీదేవీ నేనూ ఇద్దరమే తిన్న పూట లేదు. వీధి వైపు పడక్కుర్చీ వేసుకుంటానా, ఎవరు కనబడినా సరే, “ఇంత ఎండలో ఎక్కడికండీ? భోంచేసి వెళ్దురు గాని!” అంటాను. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన పనసపొట్టు కూర తిని మరీ వెళ్ళాడు. ఓడలరేవు బస్సు తప్పిపోయిన పెళ్ళివారు పదకొండుమందికి అప్పటికప్పుడు పప్పుచారు, వడియాలు! రాయవరానికి దారి అడిగిన ఒకాయన రెండ్రోజులు ఉండిపోయాడు. గోదావరి మర్యాదని ఒంటిచేత్తో నిలబెడుతున్నానంటే నమ్మండి.

తన అదృష్టం తెలిసొస్తుందని మా ఆవిడని కూడా ఆ సినిమాకి తీసుకెళ్ళాను. ఇంటర్వెల్లో పాత స్నేహితుడు జగ్గారావు గారు భార్యతో కనబడితే, అలవాటు కొద్దీ భోజనానికి పిలిచేశాను.

“ఆయ్, ఆట అవ్వగానే వచ్చేస్తామండీ,” అన్నారాయన.

తరవాత ఒక సీను. సినిమాలో పెద్దావిడ ఒక్కతే కూర్చుని, పెనం మీంచి తీసిన రొట్టె తింటోంది. పక్కకి చూస్తే మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు! నా ప్రయోగం ఫలించింది కదా!

“పాపం, పలకరించే దిక్కు లేదు కదూ?” అన్నాను.

“అది కాదండీ. వేడివేడిగా తింటోందండీ,” అంది.

ఈ మూడేళ్ళలో ఆవిడ వేడన్నం తినడం ఎప్పుడు చూశానా అని ఆలోచించాను. ఎంతకీ గుర్తు రాలేదు. నిజంగా సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం జగ్గారావు గారికి నేనే వండి పెట్టాను. రెండు ముద్దలు తిని, “అర్జెంటు పనుందండీ,” అని లేచారు.

పాఠకులారా, మర్యాదకి లోటు చెయ్యను. ఎప్పుడైనా రండి, భోంచేసి వెళ్ళండి! రోజూ వంట నాదే. ఎందుకో గానీ, నెల రోజులుగా మా వీధిలో ఒక్కరూ నడవడం లేదు. ఉప్పెక్కువైందని సణుగుతోంది గానీ, భవానీదేవి వేడిగానే తింటోంది.