దీవించడానికి రాలేదు

ఆ శుక్రవారం ఉదయం పవిత్ర వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు. హిందూపురంలో డాక్టర్ భాస్కరయ్యగారి క్లినిక్‌కు అందరికంటే ముందు చేరాలి. తన రిపోర్టులు చూపించి మందుల చీటీ రాయించుకోవాలి. మధ్యాహ్నం షిఫ్టుకు గార్మెంట్ కంపెనీకి వెళ్లి, తన లైనులోని వారిని కుట్టు వంకరగా ఉన్నదని యథాప్రకారం గద్దించాలి. సూపర్‌వైజరు కనుక పథకాలు వేయడం ఆమెకు అలవాటు. వాటిని ఇతరులు అమలు చేయకపోవడమూ ఆమెకు అలవాటే.

పవిత్ర పుట్టినప్పుడు లోకం ఆమెను మగపిల్లవాడని రాసుకున్నది. ఆ పొరపాటును ఆమె పెద్దయ్యాక సవరించుకున్నది. అందులో భాగంగా బెంగుళూరులో ఒక డాక్టరమ్మ దగ్గర రెండేళ్లుగా హార్మోన్ చికిత్స తీసుకుంటున్నది. ఆ డాక్టరమ్మ వేరే రాష్ట్రానికి వెళ్లిపోతూ, దగ్గరలోనే ఒక డాక్టరును చూసుకొమ్మని, సందేహం వస్తే ఆయననే తనకు ఫోన్ చేయమని, రక్తపరీక్షలు మాత్రం మానవద్దని చెప్పి రిపోర్టుల కట్ట చేతిలో పెట్టింది. ఇంట్లో మాత్రలు అడుగంటాయి. వీధి చివరి మందుల అంగడి యజమాని చీటీ లేకుండానే ఇస్తానని ఔదార్యం చూపాడు. పవిత్ర ఆ ఔదార్యాన్ని తిరస్కరించింది.

"గొడ్లకు డాక్టరుండాడు, పండ్లకు డాక్టరుండాడు," అన్నది ఆమె, చెప్పులు వేసుకుంటూ. "నాకు మాత్రం ఎందుకు లేడవ్వా?"

"ఉంటాడు. ఉండక యాడికి పోతాడు?" అన్నది ఆమె నాయనమ్మ మునియమ్మ. కొడుకూ కోడలూ పవిత్రను వద్దనుకున్న నాడు, ఆ ఇంట్లో నుంచి మనవరాలితో పాటు బయటికి నడిచిన మనిషి ఆమె. "పద. నేనూ వస్తా. డాక్టర్లు ముసిలోళ్ళను చూస్తే కొంచెం జంకుతారు."

క్లినిక్ దగ్గర కాంపౌండరు దేవప్ప షట్టరు ఎత్తుతున్నాడు. వెనుదిరిగి చూసేసరికి, ఎదురుగా పొడవాటి మనిషి, చుడీదారు, గంభీరమైన గొంతు. మన ప్రాంతంలో పవిత్రవంటివారి నోటిమాటకు బలముందని ఒక గట్టి నమ్మకం. కొత్త అంగడికీ, కొత్త లారీకీ, పసిబిడ్డకూ వారి దీవెన కావాలి. వారికి ఇల్లు అద్దెకివ్వనివారు సైతం దీవెన మాత్రం అడిగి పుచ్చుకుంటారు. దేవప్ప ముఖం వికసించింది.

"రామ్మా రా. దేవుడే పంపించినట్ల వస్తివి. ఎదురుగా కొత్త ఆస్పత్రి పడినాక మాకు ఈగలు తోలుకునే పని తప్ప ఇంకేం లేదు. కొంచెం దిష్టి తీసిపో."

"అన్నా, నేను చూపించుకునేకి వచ్చినా. పేరు రాసుకో."

"రాసుకుంటాలేమ్మా. దుడ్లు కూడా ఇస్తా. ముందు ఇది తిప్పు," అంటూ అతడు లోపలినుంచి నిమ్మకాయ తెచ్చి చేతిలో పెట్టాడు.

పవిత్ర అవ్వవైపు చూసింది. "మనది చర్చి కదవ్వా."

"దేవునికి నేను చెప్పుకుంటాలే. నిమ్మకాయే గదా, బాంబు కాదు. తిప్పితే లోపలికి పంపిస్తాడేమో, తిప్పేయ్."

ఆ రోజు మొత్తం మీద పవిత్ర చేసిన తప్పు ఇది ఒక్కటే. ఆమె నిమ్మకాయను గుమ్మం ముందు తిప్పి విసిరింది. అది రోడ్డు మీద పడీ పడకముందే మడకశిర వైపు నుంచి ఒక టెంపో వచ్చి ఆగింది. పెళ్లిభోజనం వికటించిన బంధువర్గం అందులోనుంచి కడుపులు పట్టుకుని దిగింది. పెళ్లికొడుకు మేనత్తను ఇద్దరు మోసుకొచ్చారు. క్షణాల్లో బల్లలు నిండాయి, వరండా నిండింది, మెట్లు నిండాయి. దేవప్ప పవిత్రకు రెండు చేతులూ జోడించి, ఆమె పేరు రాసుకోవడం మరిచిపోయాడు.

డాక్టర్ భాస్కరయ్యగారు ఎం.డి. పట్టభద్రులు. శాస్త్రీయ దృక్పథం గురించి సభల్లో ప్రసంగాలు చేసినవారు. వారు వచ్చి వరండాను చూశారు, దేవప్ప చెవిలో చెప్పినది విన్నారు, పవిత్ర దగ్గరికి వచ్చి వినయంగా నమస్కరించారు. ఆమె రిపోర్టులు చాపేసరికి మాత్రం, పొయ్యి మీది గిన్నెను ముట్టుకున్నట్లు చేయి వెనక్కి తీసుకున్నారు.

"అది నా సబ్జెక్టు కాదమ్మా. ఆడవాళ్ళ హార్మోన్లంటే పెనుకొండలో మా మేనకోడలు నవీన ఉంది. నేను ఫోన్ చేస్తాను, నువ్వు బయలుదేరు."

వారు మాట నిలబెట్టుకుని ఫోన్ చేశారు. అయితే ఆ సంభాషణలో పవిత్ర చికిత్స ప్రస్తావన ఎక్కడా రాలేదు. అంతా టెంపో గురించే.

పెనుకొండలో బస్సు దిగి నర్సింగ్‌హోమ్ చేరేసరికి గేటు దగ్గర ఒక ఆయా పసుపునీళ్ళతో, ఒక అటెండరు కొబ్బరికాయతో నిలబడి ఉన్నారు. అటెండరు పవిత్రను కిందినుంచి పైదాకా చూసి మునియమ్మను అడిగాడు. "నీ మనవడా అవ్వా?"

"మనవరాలు. కండ్లు సరిగా అగపడకపోతే కండ్ల డాక్టరుకు చూపించుకో నాయనా. ఈడ వాకిలి ముందర నిలబడి ఏం చేస్తాండావు?"

అటెండరు దారి చూపాడు. కన్సల్టింగ్ గదికి కాదు, స్కానింగ్ గదికి. యంత్రం ఉదయం నుంచి మొరాయించి కూర్చున్నదట. వరుసలో గర్భిణీస్త్రీలు విసుగుతో విసనకర్రలు ఊపుకుంటున్నారు.

"ఒక్కసారి చేయి పెట్టమ్మా. నీ చేతి చలవ హిందూపురమంతా చెప్పుకుంటాండారంట," అన్నది ఆయా.

"అక్కా, నేను మెషిన్లు బాగుచేసేదాన్ని కాదు. నేను పేషంటును. డాక్టరమ్మ యాడుండాది?" అంటూ పవిత్ర, ఆయాను తప్పించుకుని పక్కకు జరగబోయి, ఆసరాకు యంత్రం మీద చేయి ఆనించింది. సరిగ్గా అప్పుడే విద్యుత్ శాఖవారు స్తంభం మీది మరమ్మతు ముగించారు. దీపాలు వెలిగాయి, పంకాలు తిరిగాయి, యంత్రం మేల్కొన్నది. ఈ ఘనత విద్యుత్ శాఖకు చెందుతుందని అక్కడ ఎవరికీ తోచలేదు. వరుసలోని స్త్రీలందరూ లేచి, తమ కడుపుల మీద కూడా ఒకసారి చేయి పెట్టమని పవిత్రను చుట్టుముట్టారు.

ఆ గుంపులోనుంచి ఆమెను డాక్టర్ నవీనే స్వయంగా విడిపించి తన గదికి తీసుకువెళ్లింది. రిపోర్టులు చదివింది కూడా. పవిత్రకు ఆశ కలిగింది.

"ఈ మాత్రలు మీరు ఇక్కడ రాస్తానే ఉంటారు కదా మేడం?"

"నెలసరి ఆగిపోయినవాళ్ళకు రాస్తుంటాను."

"మరి నాకు?"

నవీన కాగితాలు ఒద్దికగా సర్ది వెనక్కి ఇచ్చింది. "ఇది ఆడవాళ్ళ ఆసుపత్రమ్మా. నీకు వైద్యం చేస్తే బయట కూర్చున్న ఆడవాళ్ళు ఏమనుకుంటారో ఆలోచించు."

బయట కూర్చున్న ఆడవాళ్ళు ఏమనుకుంటున్నారో తలుపుకున్న అద్దంలోనుంచి స్పష్టంగా కనిపిస్తున్నది. ఒక ఎనిమిదో నెల ఇల్లాలు, పవిత్ర మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉన్నది.

"వాళ్ళకు నా చేయి కావాల. మీకు నా కరెంటు కావాల. నా జబ్బు మాత్రం ఎవరికీ అక్కరలేదు. బాగుండాది మేడం," అన్నది పవిత్ర లేస్తూ.

నవీన ముఖం ఎర్రబడింది. ఆమె చెడ్డమనిషి కాదు, జంకుమనిషి. ఆ జంకును దాచుకోవడానికి వెంటనే ఒక మేలు చేయబోయింది. "ధర్మవరంలో మా తమ్ముడు కృష్ణకాంత్ ఈరోజే కొత్త ఆసుపత్రి తెరుస్తున్నాడు. మామయ్య టెంపో సంగతి చెప్పినప్పటినుంచి, నిన్ను ఎలాగైనా పంపించమని మా అమ్మ ఒకటే ఫోన్లు. నా కారులో వెళ్లండి."

"చికిత్సకా?"

"ముందు వెళ్లండి," అన్నది నవీన.

పవిత్ర బస్సెక్కి ఇంటికి పోదామన్నది. మునియమ్మ అప్పటికే కారులో కూర్చుని, చల్లగాలి వచ్చే రంధ్రాన్ని తన వైపు తిప్పుకున్నది. "షిఫ్టు ఎట్లా పాయె. ఇంకొక డాక్టరును చూస్తే మనకు పోయేదేముండాది? ఈ దీవెన సంగతి ముందే తెలిసింటే నేను మోకాళ్ళ నొప్పికి ఇన్నేండ్లు బస్సులో తిరిగేదాన్ని కాదు."

ధర్మవరంలో షామియానా వేశారు. సన్నాయి మోగుతున్నది. పట్టుచీరల వర్తకులు కుటుంబాలతో కుర్చీలలో కొలువుదీరి ఉన్నారు. కారు ఆగగానే కృష్ణకాంత్ తల్లి లలితమ్మ, చీర, పసుపుకుంకుమలు ఉన్న పళ్ళెంతో ఎదురు వచ్చింది. మూడు తరాల పట్టుచీరల అంగడిని తన చేతుల మీదుగా నడిపిన మనిషి. నవ్వినా ఆజ్ఞలాగే ఉంటుంది.

"రా తల్లీ. నువ్వు అడుగు పెట్టిన చోటల్లా పేషంట్లే పేషంట్లంట గదా. ముందు నువ్వే లోపలికి పోవాల. నా కొడుకును తప్ప ఎవ్వరినీ గడప దాటనీయకుండా నిలబెట్టినా."

పవిత్ర పళ్ళెం వైపు చూడలేదు. గుమ్మం మీది కొత్త బోర్డు చూస్తున్నది. డాక్టర్ కృష్ణకాంత్; మధుమేహం, థైరాయిడ్, హార్మోన్ల వ్యాధుల నిపుణులు. ఆమె ఆ చివరి ముక్కను రెండుసార్లు చదివింది.

"నిజంగా ఎవరూ పోలేదామ్మా లోపలికి?"

"ఒట్టు. నువ్వే మొదట."

"అయితే సరే," అని పవిత్ర పళ్ళాన్ని దాటి, పూలదండలను దాటి, నేరుగా డాక్టరు గదిలోకి నడిచి, పేషంటు కుర్చీలో కూర్చుని, రిపోర్టుల కట్టను బల్లమీద పెట్టింది. ముహూర్తం కోసం అప్పటికే తన కుర్చీలో బిగుసుకుని కూర్చున్న కృష్ణకాంత్, దీవెన కోసం తల వంచాడు. తలమీద చేయి పడలేదు. కాసేపటికి తల ఎత్తాడు.

"దీవించేకి రాలేదు సార్. చూపించుకునేకి వచ్చినా."

"ఈరోజు ప్రారంభోత్సవం మాత్రమేనమ్మా. పేషంట్లను రేపటినుంచి చూస్తాను." అతడు పై కాగితం చదివాడు. గొంతు సవరించుకున్నాడు. "పైగా ఇటువంటి కేసులు నేను చూడను."

"హార్మోన్లని బోర్డు మీద రాసినారు. ఎవరి హార్మోన్లో రాయలేదే."

"ఇలాంటివాటికి బెంగుళూరు..."

"బెంగుళూరు నుంచే వచ్చినాయి ఈ కాగితాలు. హిందూపురం పెనుకొండకు పొమ్మన్నది, పెనుకొండ ధర్మవరం పొమ్మన్నది. ధర్మవరం నన్ను యాడికి పొమ్మన్నా పోను సార్. ఈ కుర్చీ బాగుండాది. నేను ఈడనే కూర్చుంటా."

గుమ్మం దగ్గర జనం మూగారు. వారిని తోసుకుంటూ లలితమ్మ పళ్ళెంతో లోపలికి వచ్చింది. "ఏమైందిరా?"

"అమ్మా, ఈమె పేషంటుగా వచ్చింది. నేను చూడలేనని చెబుతున్నాను."

"పేషంటా?" లలితమ్మ కుర్చీనీ, కుర్చీలోని మనిషినీ, గోడ గడియారాన్నీ వరుసగా చూసింది. ఆమె ముఖంలో నవ్వు మాయమై వర్తకం వచ్చి చేరింది. "అంటే బోణీయా?"

"అమ్మా..."

"బోణీకి వచ్చినవాళ్ళను ఉత్తచేతుల్తో పంపిస్తావారా? మీ తాత నష్టానికైనా ఇచ్చి పంపినాడు గానీ, మొదటి బేరాన్ని గడప దాటనిచ్చినాడా? ఇంతమంది అంగళ్ళవాళ్ళ ముందర మొదటి మనిషిని వెనక్కి పంపిస్తే రేపు నీ గడప ఎవరు తొక్కుతారు?"

బయట వర్తకులు గంభీరంగా తలలూపారు. ఈ విషయంలో వారిలో రెండో అభిప్రాయం లేదు.

"ఇది చీరల అంగడి కాదమ్మా, ఆసుపత్రి," అన్నాడు కృష్ణకాంత్.

"ఆ కుర్చీ అంగడి దుడ్లతో వచ్చిందేరా. మాట్లాడకుండా చూడు."

"నష్టానికి వద్దమ్మా," అన్నది పవిత్ర. "ఫీజు కడతా. జాలి వద్దు, దానం వద్దు. అందరికీ ఎట్ల చూస్తారో అట్లనే చూడండి. చాలు."

కృష్ణకాంత్ రిపోర్టులు మొదటినుంచి చదవడం ప్రారంభించాడు. సన్నాయివాడు ఆపాలో వాయించాలో తెలియక మధ్యస్థంగా ఊదుతున్నాడు. నాలుగో పేజీ దగ్గర డాక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. అయిష్టంతో కాదు, ఆసక్తితో. బెంగుళూరు డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ప్రశ్నలు వేశాడు, రాసుకున్నాడు, మళ్ళీ వేశాడు. ఫోన్ పెట్టేసి పవిత్ర ముఖంలోకి మొదటిసారి సూటిగా చూశాడు.

"నేను ఇంతవరకు ఈ చికిత్స చేయలేదు. శాస్త్రం మాత్రం నేను చదివినదే, మిగతాది నేర్చుకుంటాను. ముందు రక్తపరీక్ష, లివరు పరీక్ష. బి.పి. ఇప్పుడే చూస్తాను. అవి వచ్చేదాకా పాత మోతాదే సాగిద్దాం. సరేనా అండీ?"

ఆ 'అండీ' విని మునియమ్మ కొంగుతో ముఖం తుడుచుకున్నది. ఎండగా ఉన్నదని ఎవరూ అడగకుండానే చెప్పింది.

సంతకం చేసిన చీటీతో పవిత్ర బయటికి వచ్చింది. లలితమ్మ వదల్లేదు. పళ్ళెం పట్టుకుని దారికి అడ్డం నిలబడింది. "నీ పని అయిపాయె గదా తల్లీ. ఇప్పుడైనా ఒక మాట దీవించి పో."

పవిత్ర కాస్త ఆలోచించింది. చీర తీసుకోలేదు. లలితమ్మ తలమీద చేయి పెట్టింది.

"మీ కొడుకు బాగా చదువుకోవాలమ్మా," అన్నది.

మరుసటి నెల పవిత్ర రెండోసారి ధర్మవరం వెళ్లింది. సన్నాయి లేదు, పళ్ళెం లేదు. కౌంటరులోని అమ్మాయి తల ఎత్తకుండానే పేరు రాసుకుని, మీ ముందు చాలామంది ఉన్నారు, వెళ్లి బల్లమీద కూర్చోండి అన్నది. ఒక పక్క చక్కెరజబ్బు పెద్దాయన, మరొక పక్క థైరాయిడ్ ఇల్లాలు, నడుమ ఆమె మధ్యాహ్నం దాకా కూర్చున్నది. అంతటి మర్యాద ఆమెకు ఏ ఆసుపత్రిలోనూ జరగలేదు.