నడుము లేనివాడి కత్తి

ఆ రోజు పొద్దున్నే పుడకయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా ప్యాంటు జారకుండా చూసుకోవాలి, అంతే.

కొండ మీదికి నడిచే దారుల్లో అడ్డంగా పెరిగిన పొదలు నరకడం అతని ఉద్యోగం. ఆఫీసు వాళ్లిచ్చిన కత్తి మూరెడు పొడవుంటుంది. దాన్ని ఒరతో సహా బెల్టుకు వేలాడదీసుకోవాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, పుడకయ్య నడుముకు ఒక్క కత్తి కూడా ఎక్కువే. మనిషి భుజాల నుంచి మోకాళ్ల దాకా ఒకే కొలత. బెల్టు బిగిస్తే ఊపిరాడదు, వదులు చేస్తే కత్తీ, ఒరా, ప్యాంటూ కలిసి నేలను పలకరిస్తాయి.

కిందటేడు పెద్ద అధికారి తనిఖీకి వచ్చినప్పుడు, ముందు నడుస్తూ దారి చూపిస్తున్న పుడకయ్యకు రెండో మలుపులో సరిగ్గా అదే జరిగింది. అధికారి మర్యాదస్తుడు కాబట్టి చెట్ల వైపు చూశాడు. అదే ముఠాలో పనిచేసే బావమరిది మాత్రం చూడవలసిన వైపే చూశాడు. ఆ రాత్రి పుడకయ్య ఇంట్లోనే భోంచేస్తూ, అక్కయ్యకు కళ్లకు కట్టినట్టు వర్ణించి చెప్పాడు.

ఇవాళ ఆ అధికారే మళ్లీ వస్తున్నాడు. ముఠాకు మేస్త్రీని ఎన్నుకుంటాడు. పోటీ బావా బావమరుదుల మధ్యే. మేస్త్రీగిరీ వచ్చినా రాకపోయినా సరే, బావమరిది కళ్లెదుట ప్యాంటుతో సహా కొండెక్కాలని పుడకయ్య పంతం.

భార్య స్నానానికి వెళ్లింది. పడకగది తలుపు వెనక ఆవిడ చేతిసంచి వేలాడుతోంది. దానికి ఎర్రటి వెడల్పాటి పట్టీ, పట్టీకి రెండు కొసలా కొక్కేలు. పుడకయ్య బుర్ర చప్పున వెలిగింది. పట్టీ ఊడదీసి, ఒరకున్న కడియాలకు తగిలించి, అడ్డంగా భుజాన వేసుకున్నాడు. కత్తి వచ్చి చంక కింద బుద్ధిగా కూర్చుంది. అతను వంగాడు, లేచాడు, రెండుసార్లు గెంతాడు కూడా. ప్యాంటు ఇసుమంతైనా కదల్లేదు. సాయంత్రానికి తెచ్చి మళ్లీ తగిలించేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, స్నానాలగది గడియ చప్పుడయ్యేలోపు వీధిలో పడ్డాడు.

భార్య కుట్టుపనికి వెళ్లే బస్సుకు ఆలస్యమైంది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని, సంచిని చంకలో ఇరికించుకుని పరిగెత్తింది. బస్సులో సీటు దొరికాక పట్టీ కోసం తడుముకుంటే పట్టీ లేదు. ఎవడో దొంగవెధవ కోసేశాడని గొల్లుమంది. అంత మందం పట్టీ కోయాలంటే మామూలు కత్తి చాలదని వెనక సీటు పెద్దాయన తేల్చాడు. అలాంటి కత్తితో, ఎర్ర పట్టీతో ఒక సన్నటి మనిషి ఇందాకే కొండవైపు పోవడం తను చూశానని కిటికీ పక్క ఆవిడ చెప్పింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నిజం ఆ బస్సు దిగలేదు.

డ్రైవరు టీకొట్టులో చెప్పేసరికి సన్నటి మనిషికి కండలొచ్చాయి. టీకొట్టు నుంచి కొండ కింది గేటు కాపలాదారుకు చేరేసరికి మీసాలు, రెండు చేతులా రెండు కత్తులు వచ్చాయి. పట్టీ మాట అందరూ మర్చిపోయారు. ఈలోపు పుడకయ్య భార్య బస్సు దిగి పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసింది. అక్కడి కానిస్టేబులు, దొంగ పైనుంచి తప్పించుకోకుండా కాపు కాద్దామని, ఆవిడను మోటారు సైకిలెక్కించుకుని కొండ వెనక రోడ్డు మీదుగా శిఖరానికి బయల్దేరాడు.

గేటు దగ్గర వార్త విన్న అధికారి ముఖం పాలిపోయింది. తనిఖీ ఇంకో రోజు పెట్టుకుందామన్నాడు. పుడకయ్య గబుక్కున ముందుకొచ్చాడు. ఇన్నాళ్లకు ప్యాంటు నిలబడిన రోజున కొండ ఎక్కకపోవడమా!

"దొంగను నేను పట్టిస్తాను సార్. నా వెనకాలే రండి" అన్నాడు.

అని, తన కోసం తనే వెతుక్కుంటూ పరుగందుకున్నాడు. ఏ పొద అడ్డొచ్చినా కత్తి చంక కిందనుంచి చర్రున వచ్చేది, పని ముగించుకుని చర్రున వెళ్లిపోయేది. అధికారి కూడా ధైర్యం తెచ్చుకుని వెంటపడ్డాడు. బావకు పేరొస్తే తన పని అయిపోయినట్టేనని బావమరిదీ ఉరికాడు. కానీ బెల్టు కత్తి అడుగడుక్కీ అతని మోకాలికి మొట్టికాయ వేస్తోంది, ప్రతి ముళ్లపొదనూ పట్టుకుని వదలనంటోంది. రెండో మలుపులో ఒక గట్టి పొద ఒరను పట్టి లాగింది. బెల్టు పుటుక్కుమంది.

అధికారి మళ్లీ చెట్ల వైపు చూశాడు. ఈసారి పుడకయ్య చూడవలసిన వైపే చూశాడు. ఏడాదిగా కడుపులో మండుతున్నది ఒక్కసారిగా చల్లారి, ప్రాణం లేచొచ్చింది.

శిఖరం మీద అడుగుపెట్టగానే ఎదురుగా కానిస్టేబులు, పక్కన భార్య.

"అదిగో నా పట్టీ" అంది ఆవిడ. కానిస్టేబులు పుడకయ్య రెక్క పట్టుకున్నాడు.

"ఈయన మీకు తెలుసా అమ్మా?"

"మా ఆయనండీ."

"మరి దొంగ?"

ఆవిడ జవాబు చెప్పేలోపు కానిస్టేబులు సాక్ష్యం కింద పట్టీ విప్పి ఇమ్మని చెయ్యి చాపాడు. పుడకయ్య తల వంచుకుని పట్టీని గట్టిగా పట్టుకున్నాడు. పట్టీ పోతే కత్తి మళ్లీ బెల్టుకే. కొండంతా ఎక్కి గెలిచింది దిగేటప్పుడు పోతుంది. వంచుకున్న అతని తలను భార్య చూసింది, వెనక రెండు చేతులా ప్యాంటు పట్టుకుని రొప్పుతున్న తమ్ముణ్ణి చూసింది. కిందటేడు భోజనాల దగ్గర వాడు నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఆ పూట మొగుడు సగం అన్నంలో లేచి వెళ్లిపోయిన సంగతీ గుర్తొచ్చింది.

"విప్పకండి" అంది మొగుడితో. తర్వాత కానిస్టేబులు వైపు తిరిగింది. "పొద్దున నేనే ఇచ్చానండీ. హడావుడిలో మర్చిపోయాను."

పుడకయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అధికారి మాత్రం పగలబడి నవ్వాడు. దొంగను పట్టిస్తానన్నవాడు పట్టించాడనీ, ఇంతలా మాట మీద నిలబడేవాడు మరొకడు దొరకడనీ, అక్కడికక్కడే అతన్ని మేస్త్రీని చేశాడు. ఇంటికి రండి మీ పని చెప్తానని భార్య చెవిలో అన్న మాట కూడా పుడకయ్యకు ఆ క్షణాన సన్మానపత్రంలాగే వినిపించింది.

కొత్త మేస్త్రీ ఇచ్చిన మొదటి ఉత్తర్వు, ఇకమీదట ఎవరి కత్తి వాళ్ల భుజానికే వేలాడాలని. ఆ సాయంత్రమే బావమరిది గుమ్మంలో నిలబడి, "అక్కా, నీ దగ్గర పాత సంచీ ఏమైనా ఉందా?" అని అడిగాడు. పట్టీలు మాత్రం ఆఫీసు ఇవ్వలేదు.

ఆ వారమంతా ఊళ్లో చాలామంది ఆడవాళ్లు సంచులు చంకలో పెట్టుకునే తిరిగారు.