రంధ్రం ఎక్కడుందో అడగరాదు

ఓడకు రంధ్రం పడితే లోపలికి నీళ్లు వస్తాయి. ఆ రంధ్రం ఎక్కడుందో నలుగురికీ తెలిస్తే లోపలికి శత్రువులు వస్తారు. వీటిలో మొదటిదాన్ని తట్టుకోవచ్చునని, రెండోదాన్ని తట్టుకోలేమని ఓడల మరమ్మతు కంపెనీ నియమావళి నూటపదకొండో పేజీ సెలవిస్తోంది. (నూటపదో పేజీ ఏం సెలవిస్తోందో చదివే అర్హత ఇంకా ఎవరికీ రాలేదు.)

కంపెనీకి రెండు డ్రైడాకులు ఉన్నాయి. ఓడను లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్లన్నీ తోడేసి, దాని పొట్ట కింద నిలబడి పనిచేసుకునే గోతులవి. మొదటి దాంట్లోకి సరుకుల ఓడలు వస్తాయి. వాటి కెప్టెన్లు రంధ్రం చుట్టూ సుద్దతో సున్నా చుట్టి, బాణం గీసి, "ఇక్కడే బాబూ" అని రాసి మరీ వెళతారు. రెండో దాంట్లోకి యుద్ధనౌకలు వస్తాయి. వాటి మర్యాదలు వేరు.

వెల్డర్లలో పెద్దవాడిని అందరూ రవ్వల మేస్త్రి అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నిప్పురవ్వ పడి చిల్లులు పడని చొక్కా అతనికి ఒక్కటీ లేదు. సోమవారం పొద్దున్నే అతనికొక పని కాగితం అందింది. "పని: రంధ్రం పూడ్చుట. ఓడ:" అన్నచోట నల్ల సిరా. "స్థలం:" అన్నచోట ఇంకాస్త చిక్కటి సిరా. గడువు మాత్రం తెల్లగా కనిపించింది: గురువారం ఉదయం. ఓడ ఏదో కాగితం చెప్పనక్కర్లేదు. రెండో డాకులో ఉన్నది ఒక్కటే, అదీ నాలుగంతస్తుల ఎత్తుంటుంది కనుక దాచడం కుదరలేదు. పైగా అందులో వంటవాడు స్వయానా మేస్త్రి చెల్లెలి భర్త. ఆ ముందురోజే చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఆ ఓడకేదో చిల్లు పడిందట. మీ బావేమో ఏమీ లేదంటాడు. ఆయన ఏమీ లేదన్నాడంటే ఏదో ఉన్నట్టే. నీ చేత్తో నువ్వే అతుకు వెయ్యి. వేశానని ఒక్క మాట చెప్పు చాలు. అప్పటిదాకా నాకు కంటిమీద కునుకుండదు."

"చెబుతాలేవే," అన్నాడు మేస్త్రి.

మంగళవారం అతను కాగితం పట్టుకుని గోప్యతాధికారి గదికి వెళ్లాడు. (కనుక్కోవడం కష్టమేమీ కాదు, 'ఇది ఆ గది కాదు' అని తలుపు మీద బోర్డుంటుంది.)

"రంధ్రం ఎక్కడుందో చెబితే పూడ్చేసి పోతానండి."

"అది చెప్పకూడదయ్యా."

"మీకు తెలుసా అండి?"

"తెలిస్తే నీతో మాట్లాడనివ్వరు నన్ను."

"పోనీ, ఓడంతా అతుకులేసుకుంటూ పోనా? ఎక్కడో ఒకచోట తగలకపోదు."

అధికారి ఈ సూచనను శ్రద్ధగా రాసుకున్నాడు. దాని మీద ఒక ఉపసంఘం వేశారు. అది ఇప్పటికీ పనిచేస్తోంది.

బుధవారం మధ్యాహ్నానికి మేస్త్రికి భయం పట్టుకుంది. తెల్లారితే డాకులోకి నీళ్లు వదులుతారు. నీళ్లకు నియమావళి తెలియదు. రంధ్రం ఎక్కడుందో అవే వెతుక్కుంటాయి. అతను మళ్లీ ఆ గది కాని గదికి వెళ్లి, తన వెల్డింగు మాస్కు తీసి అధికారి మొహానికి తగిలించాడు.

"ఏం కనిపిస్తోందండి?"

"ఏమీ కనిపించట్లేదయ్యా."

"మాకూ అంతేనండి. మంట వెలిగాక బెత్తెడు ఇనుమే కనిపిస్తుంది. చేయిపట్టుకుని తీసుకెళ్లండి, వేసేసి వస్తాను."

అధికారి మొహం వికసించింది. (మాస్కు ఉన్నందువల్ల ఈ సంగతి ధ్రువపరచడం వీలుకాలేదు.) గంటలో అనుమతి వచ్చింది. మేస్త్రికి మాస్కు తొడిగి, ఉన్నచోటనే మూడుసార్లు గిరగిరా తిప్పారు. తలా ఒక మలుపు మాత్రమే తెలిసిన నలుగురు ఉద్యోగులు అతన్ని వంతులవారీగా నడిపించారు. చివరివాడు ఇనప పలక అతని చేతికిచ్చి, వేలు తీసుకెళ్లి రంధ్రం అంచున పెట్టి, తన కళ్లు తాను మూసుకున్నాడు.

మేస్త్రి మంట వెలిగించబోతుండగా సరిగ్గా నెత్తిమీద గిన్నెల చప్పుడయింది. "ఉప్పు డబ్బా ఎవడు తీశాడ్రా?" అని బాగా ఎరిగిన గొంతు కేక వేసింది. బావ కాళ్ల కిందే చిల్లు. ఒక వరస వెల్డింగు సరిపోయే చోట మూడు వరసలు వేశాడు. ముప్పై ఏళ్లలో అంత పొందికగా వేసిన అతుకు లేదు.

తంటా అక్కడే వచ్చింది. తనిఖీ అధికారి ఆ అతుకు చూసి నొసలు చిట్లించాడు. ఎక్కడో తెలియని చోట ఇంత శ్రద్ధ ఎలా వస్తుందని ఆయన ప్రశ్న. సాయంత్రం మేస్త్రి ముందు మతిమరుపు పత్రం పెట్టారు. తాను ఏ రంధ్రాన్నీ పూడ్చలేదని, పూడ్చినా ఎక్కడో తెలియదని, తెలిసినా మరిచిపోయానని, మరిచిపోయిన సంగతి కూడా గుర్తులేదని, బంధువులు అడిగినా ఇదే చెబుతానని, వారం రోజులు తన ఫోన్ వినడానికి అభ్యంతరం లేదని అందులో ఉంది. సంతకం పెట్టకపోతే అతుకు వేయనట్టే లెక్క. వేయని అతుకు ఓడ మీద ఉండరాదు కనుక కోసేస్తారు. మేస్త్రి పెన్ను అందుకున్నాడు.

గురువారం ఓడ నీళ్లలోకి దిగింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. మధ్యాహ్నం చెల్లెలి ఫోన్ వచ్చింది.

"అన్నయ్యా, ఓడ వెళ్లిపోయిందట. వేశావా?"

"ఏం వేశానా?"

"అతుకు."

"ఏ అతుకమ్మా? నాకేం గుర్తులేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. మేస్త్రికి ప్రాణం ఉసూరుమంది.

"గుర్తులేదు గానీ, నువ్వు మాత్రం హాయిగా నిద్రపోవే."

"సరే అన్నయ్యా," అంది చెల్లెలు. ఆ గొంతులో బరువు దిగిపోవడం మేస్త్రికి తెలిసింది.

వింటున్నవాళ్లకూ తెలిసింది. 'హాయిగా' అన్న మాటను ముగ్గురు నిపుణులు పరిశీలించి, మేస్త్రిలో పావువంతు జ్ఞాపకం మిగిలి ఉందని తేల్చారు. ఆ మిగిలింది కూడా మరిచిపోవడానికి సోమవారం పదిన్నరకు కార్యాలయానికి రావాలని, పొరపాటు జరగకుండా ఏం మరిచిపోవాలో స్పష్టంగా రాసి మూడు ప్రతులు తెచ్చుకోవాలని ఉత్తరం పంపారు.