హంఫ్రీ కింద నేల

అయ్యలారా, అమ్మలారా! ఇల్లు కొనబోయే ముందు దాని బాగోగులు చూసి సర్వేయర్ రాసిచ్చే రిపోర్టును తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఏ విషయమూ తేల్చి చెప్పకపోవడమనే మహోపకారం మనకింకెవరు చేస్తున్నారు? నా మటుకు నేను ఆ నలభై పేజీలనూ పొద్దున్నే టీ తాగుతూ పారాయణం చేశాను!

స్కిప్టన్‌లో థ్వెయిట్ గారనే పెద్దావిడ ఇల్లు బేరం చేశాం. నూటపాతికేళ్ళ ఇల్లు. నేలా, మెట్లూ, దూలాలూ అంతా చెక్కే. చూసి రమ్మని లడ్లమ్ అనే సర్వేయర్‌ని పంపాం. మనిషి నిప్పు! పరాయివాళ్ళ తివాచీ ఎత్తడు, బీరువా జరపడు. అటక మీదికి ఎక్కడు, నిచ్చెన మీద నిలబడి తలా భుజాలూ మాత్రం లోపలికి పెట్టి చూస్తాడు. ఇంత మర్యాద ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పండి?

ఆయన రాసింది వినండి. 'దూలాలలో చెక్కపురుగు గతంలో సంచరించిన ఆనవాళ్ళున్నవి. ప్రస్తుతం సంచరిస్తున్నదీ లేనిదీ నిర్ధారించలేకపోయాము. నిపుణులను సంప్రదించగలరు.' ఎంత దయ! ఇంటికి అప్రతిష్ఠ లేదు, పురుక్కీ లేదు. పాపం, పురుగులు ఆ రోజు సెలవు పెట్టి సముద్రతీరానికి వెళ్ళాయేమో, ఎవరు చూశారు? సరే కదా అని నిపుణుణ్ణి పిలిస్తే ఆయన ఇంకో నిపుణుణ్ణి చూపించాడు. ఆయన మూడో ఆయన్ని చూపించాడు. మూడో ఆయన లడ్లమ్ గారి పేరు చెప్పాడు!

ఈ విద్యను నేను ఇంట్లోనూ ప్రయోగించాను. మా ఆవిడ విన్నీ మాంసం కూరి కాల్చే 'పై' అనే వంటకం చేసి, ఎలా ఉందని అడిగింది. "కనిపించే భాగాల్లో తీవ్రమైన లోపమేదీ లేదు. అడుగుభాగం పరిశీలనకు అందలేదు" అన్నాను. ఆ వారమంతా బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

విన్నీ బెంగంతా పియానో గురించి. పిల్లలకు పాఠాలు చెప్పుకునే పియానో, వాళ్ళమ్మది, ఏనుగంత బరువు. కిటికీ పక్క మూలలో తప్ప ఆ ఇంట్లో ఇంకెక్కడా పట్టదు. ఆ మూల గురించి ముప్పై ఒకటో పేజీలో ఇలా ఉంది: 'ఇచట శునకము నిద్రించుచున్నందున దాని కింది నేల పరిశీలించబడలేదు. పరిశీలన సమయమున నేల శునకమును మోయుచున్నట్లు కనిపించినది.'

శునకమంటే హంఫ్రీ. థ్వెయిట్ గారి కుక్క, దూడంత ఉంటుంది.

విన్నీ ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"లడ్లమ్ గారూ, ఆ మూల నా పియానోని మోస్తుందా, మొయ్యదా? ఒక్క ముక్క చెప్పండి."

"మొయ్యదని చెప్పలేను మేడమ్."

"పోనీ, మోస్తుందని చెప్పగలరా?"

"అలా అనీ చెప్పలేను."

"ఆ కుక్కని లేపితే మీ సొమ్మేం పోయింది?"

"హాయిగా నిద్రపోతోంది మేడమ్..."

పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడడమంటే ఇదీ!

కర్ర మాత్రం విరిగింది. మేం చేరిన రోజే పియానో ఒక పక్క మోకాలి లోతున నేలలోకి దిగబడింది. చెక్క బిస్కెట్టులా పొడైపోయింది. తీగలు తెగిన పియానో పక్కన చతికిలబడి విన్నీ ఏడ్చింది. లడ్లమ్ గారు వచ్చి, గుంతలోకి తలా భుజాలూ పెట్టి చూసి, "నేను రాశాను కదండీ" అన్నారు. నిజమే, రాశారు!

"ఈ కొంపలో నేనుండను" అంది విన్నీ. సరేనని అమ్మకానికి పెట్టాం. గుంత మీద పలక వేసి తివాచీ పరిచాను. మోసమా? ఛఛ! మర్యాదస్థుడైన సర్వేయర్ ఎవరైనా తివాచీ ఎత్తుతాడా? అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలని థ్వెయిట్ గారి కొత్తింటికి వెళ్ళి, "అమ్మా, సర్వేయర్ వచ్చే రోజు హంఫ్రీని ఒక్క పూట మా ఇంటికి పంపిస్తారా?" అని బతిమాలాను.

"కుదరదు నాయనా. ఈ నెలంతా వాడికి ఖాళీ లేదు. ఇళ్ళు అమ్మకానికి పెట్టిన ఆరిళ్ళవాళ్ళు ముందే చెప్పి పెట్టుకున్నారు."

ఇల్లు వెతకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాకు దొరికిన సూటి జవాబు అదొక్కటే.