ద్వారంలేని మాయాబిలం

ఎండాకాలపు సెలవులు సగం అరిగి, మిగిలిన సగం జిగురులా సాగుతున్న శుభకాలాన, భోజనాల గది అనే మహామండపంలో, ఒక కాలు పొట్టిదైన కారణంగా మడతపెట్టిన అట్టముక్కపై ఆధారపడి నిలిచిన చతుష్పాద దారుపీఠం ముందు, పెన్సిలుపొట్టు ధూళిధూసరిత హస్తుడు, స్కేలాయుధుడు, నిక్కరుధారి, బిలనిర్మాణ దురంధరుడు అయిన ఒక పదేళ్ళ వీరుడు ఆసీనుడై ఉండెను. వాడి గాథ వినండి. వాడెవడో కాదు, చెబుతున్న నేనే. పొగడడానికి వేరే మనిషిని పెట్టుకునే స్తోమత లేదు.

ఆ వీరుడు గడిచిన సెలవులన్నీ ధారపోసి ఒక మాయాబిలాన్ని కాగితంమీద నిర్మించాడు. ఆట పద్ధతి తేలికే. గీసినవాడు పటాన్ని పుస్తకం చాటున దాచి, గుహలో ఏముందో నోటితో చెబుతాడు. ఆడేవాళ్ళు తామేం చేస్తారో చెబుతారు. గెలుపోటములను ఆరు పలకలమీద అంకెలు చెక్కిన పెన్సిలు దొర్లి తేలుస్తుంది. ఆ బిలంలో విషబాణాలు కురిసే వసారా, నేల కుంగే గది, అస్థిపంజరాల పటాలం, ఆ పటాలానికి స్నానాల గది సైతం ఉన్నాయి. నట్టనడుమ శిలాద్రావక జ్వాలలు కక్కే అగ్నిముఖ మహాసర్పం. దాని బొమ్మ వేరే కాగితంమీద వేశాడు. పొలుసులకే ఎర్ర పెన్సిలు మొత్తం అరిగిపోయింది. ఇంతటి నిర్మాతకు ఆడేవాళ్ళు మాత్రం ఇద్దరే: అక్క, పక్కింటి తుమ్ములోడు.

"అమ్మ భోజనానికి పిలిచేలోపు నీ డ్రాగన్ కనబడాలి," అంది అక్క. "పోయినసారిలా గోడల దగ్గరే తిప్పావంటే ఇంక ఆడను. వీణ్ణి కూడా కేరమ్స్‌కి తీసుకుపోతా. రబ్బరు ఇలా ఇచ్చెయ్."

పోయినసారి పాత బిలంలో వీరుడు అక్క అడుగు వేశాక ఆ అడుగు కిందే గొయ్యి గీస్తూ పట్టుబడ్డాడు. అందుకే ఆట మొదలయ్యాక గీత చెరపను, గీత కలపను అని అమ్మమీద ఒట్టేసి భీషణ ప్రతిజ్ఞ చేయవలసి వచ్చింది. రబ్బరు అర్పించి, గొంతు సవరించుకుని గర్జించాడు:

"ఓ సాహసులారా! ఇదిగో మృత్యుగహ్వరం! మిమ్మల్ని కన్న తల్లి ఎవరోగానీ, నేటితో ఆమెకు పుత్రశోకం తప్పదు!"

"మన అమ్మేరా. తలుపు ఎటుంది?"

వీరుడు పటంలోకి చూశాడు. లోపలి తలుపులకు తాళాలున్నాయి, ఆ తాళంచెవులకు కాపలా భూతాలున్నాయి. బయటి గోడను మాత్రం స్కేలు ఆనించి, ఇంకుతో గీసి, అందంకోసం రెండుసార్లు దిద్దాడు. చుట్టూ చీమ దూరే సందు లేదు. గుండె జారి నిక్కరు జేబులో పడింది.

"ద్వారం... రహస్యం," అన్నాడు.

సాహసులు గోడ చుట్టూ తిరిగారు. "గోడ దూకుదాం," అన్నాడు తుమ్ములోడు. పైకప్పు ఉంది. "తవ్వుదాం." అడుగున వజ్రశిల. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. వీరుడి గొయ్యి కూడా ఎంతో శ్రద్ధగా తీసినది. వంటింట్లో మూతల చప్పుడు మొదలైంది. అక్క పెన్సిలు కింద పెట్టేసింది.

ఎవరూ అడుగుపెట్టని గుహ ఎంత గొప్పదైతే ఏం లాభం? వీరుడికి నిజంగా బాధేసింది. ముక్కు ఎగబీల్చాడు. అది ఏడుపు కాదు, తుమ్ములోడి జలుబు అంటుకుందని ఈ కథకుడు ఎక్కడైనా సాక్ష్యం చెబుతాడు.

అక్క వాడి మొహం చూసింది. తర్వాత వేలి కణుపులతో బల్లమీద తట్టింది.

"డ్రాగన్ గారూ, ఉన్నారాండీ?"

వీరుడు ఉలిక్కిపడి గొంతు మార్చాడు. "ఎవడురా, మృత్యువును మేల్కొలిపిన మూఢుడు?"

"మేమేనండీ. తలుపు కనబడట్లేదు. మీరు లోపలికి ఎలా వెళ్ళారు?"

మహాసర్పం పుస్తకం చాటున పటంలోకి తొంగిచూసింది. "నన్ను... లోపలే గీశారు."

"అయ్యో పాపం. ఎప్పుడూ బయటికి రాలేదా?"

"తలుపు లేదు," అంది మహాసర్పం చిన్న గొంతుతో.

"మరి మీ నిప్పుకి రాయి కరుగుతుందని మావాడు తెగ చెప్పాడే! గోడమీద ఊదండి. మేం పక్కకి జరుగుతాం."

"గీత చెరపనని ఒట్టేశాను కదా," అన్నాడు వీరుడు మామూలు గొంతుతో.

"నువ్వు చెరపట్లేదురా, అది కాలుస్తోంది. ఆరు పడితే గోడ కరిగినట్టు."

అంతట వీరుడు దంతదష్టోష్ఠుడై పెన్సిలు విసిరాడు. అది పొట్టికాలి వైపు వాలిన బల్లమీద గడగడ దొర్లుతూ, మూడు దాటి, నాలుగు దాటి, ఐదుమీద ఆగబోయింది. ఆ క్షణాన తుమ్ములోడి నాసికాగహ్వరంనుంచి ఝంఝామారుతం బయల్వెడలింది. పెన్సిలు ఇంకొక్క పలక దొర్లింది. ఆరు!

"తుమ్ము లెక్కలోకి వస్తుందా?" అన్నాడు తుమ్ములోడు భయంభయంగా.

"వస్తుంది!" అన్నారు అక్కాతమ్ముళ్ళు ఒక్కసారే.

గోడ కరిగింది. "లేవండి, కంచాలు పెట్టాలి," అంటూ అమ్మ వచ్చేలోపు వీరుడు ఎర్రటి బొమ్మను పుస్తకం చాటునుంచి లాగి ఎత్తిపట్టాడు. అక్క తల వంచి చూసింది.

"తోక బాగుందిరా."

జయం! దిగ్విజయం! ఒక్క గదిలోనూ అడుగు పడలేదు, ఒక్క బాణం ఎగరలేదు, అస్థిపంజరాలు స్నానాలు చేసి ఊరికే ఎదురుచూశాయి. అయినా తోక బాగుందట! ఈ గాథ విన్నవారికి ఏది కట్టినా ముందు తలుపు గుర్తొచ్చుగాక. మరిచినవారికి, బయటినుంచి తట్టే అక్క ఒకతె దొరుకుగాక.