బందూకు గొట్టం, బట్టల బండ

తలంటుకుందామని కస్తూరమ్మ అలమర తెరిస్తే కొబ్బరినూనె సీసా ఖాళీగా ఉంది. మూత కూడా సరిగ్గా పెట్టలేదు. ఆ ఇంట్లో మూత అలా పెట్టేది ఒక్కరే.

"నా నూనె ఏడికి పోయింది?"

వసారాలో ఆమె భర్త రామచందర్ బందూకు విప్పుకొని కూర్చున్నాడు. "గింతంత నూనెకు గింత లొల్లా? బందూకుకు పోసిన."

"సగం సీస పోస్తరా? అదేమన్న జడ ఏసుకుంటదా?"

"పోసిన నూనె అటుదిక్కు రాకపోతే పోస్తనే పోయిన," అన్నాడు రామచందర్. అంటూ ఉండగానే తన మాట తనకే వింతగా తోచింది. గొట్టం ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. వెలుతురు కనబడలేదు. వేళ్లతో పైనుంచి కిందికి తడిమాడు. మధ్యలో కప్పను మింగిన పాములా ఉబ్బి ఉంది.

ఆ రోజు అతను అనుకున్నది చాలా చిన్న పని. పొద్దున బందూకుకు నూనె పెట్టాలి, సాయంత్రం చేనికి పోయి మంచె మీద కూర్చోవాలి. కంది కాయ గట్టిపడింది. పదిహేను రోజులు కాపాడుకుంటే కోతకు వస్తుంది. కిందటేడు అడవిపందులు సగం చేను మేసి, మిగతా సగం తొక్కాయి. అప్పటినుంచి వికారాబాద్ అంగట్లో రామచందర్ కనబడితే చాలు, పక్కచేను సోమేశ్వర్ పదిమంది వినేలా "పందులకు అన్నదానం చేసిన దొడ్డమనిషి" అని నమస్కారం పెట్టేవాడు. ఈ ఏడు కూడా ఆ నమస్కారం అందుకోవడం కంటే ఊరు విడిచి పోవడం మేలని రామచందర్ అభిప్రాయం.

బందూకు వాళ్ల నాయన కాలంది. లైసెన్సు ఉన్న చిన్న రైఫిలు. దసరా తర్వాత మొదటిసారి నిన్న సాయంత్రం పేల్చాడు. తుస్సుమంది. పంది తల ఎత్తి చూసి మళ్లీ మేసుకుంది.

"గొట్టమే మార్చాలె. తాండూరుల బందూకులు బాగుచేసే యోబు దగ్గర దొరుకుతయి," అన్నాడు రామచందర్. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఎలాంటి గొట్టం తేవాలో తేల్చుకోకుండా రైలెక్కలేడు. చెప్పుల జత కొనాలన్నా నలుగురిని అడిగే మనిషి.

తల్లి ఈశ్వరమ్మను అడిగాడు. "పొడుగు మారొద్దు కొడుకా. దసరాకు పూజపీట మీద పట్టాలె," అంది.

చేను కాపలా ఎల్లప్పను అడిగాడు. "సప్పుడు మస్తు రావాలె పటేలా. గుండు తగిలినా తగలకున్నా సప్పుడు మాత్రం తగలాలె."

బజారులో ఎదురైన సోమేశ్వర్‌ను అడగకుండా ఉండాల్సింది. నోరు ఊరుకోలేదు. "లావుగున్నది తే రామచందర్," అన్నాడు సోమేశ్వర్. "బరువుంటే గొట్టం అదరదు. ఈడ కొడితే మోమిన్‌పేట్‌ల పంది పడాలె. నీ చేతుల బలముంటేనే అనుకో."

ఆఖరి మాట సూదిలా దిగింది. ఇంటికి వచ్చి రైలుకు తయారవుతుంటే కస్తూరమ్మ అన్నం మూట కట్టి ఇస్తూ ఒక్క మాట అడిగింది.

"దాన్ని మంచె మీద మోసేది ఎవరు?"

"నేనే."

"అయితే మోసి చూసి తెండ్రి."

ఆడవాళ్లకు బందూకుల సంగతి ఏం తెలుసని రామచందర్ స్టేషన్‌కు పరుగెత్తాడు. రైలు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది. ఆ చాలాసేపూ ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాడు.

తాండూరులో యోబు దుకాణం నిండా తుపాకి ముక్కలు. పని కంటే మాటలు ఎక్కువ మనిషి. లైసెన్సు చూసి, గొట్టంలో ఇనుప చువ్వ పెట్టి సుత్తితో కొట్టాడు. ముందు నూనె వచ్చింది. తర్వాత చితికిన గుండు వచ్చింది. ఆ వెనక నల్లగా ఏదో ముద్ద వచ్చింది. యోబు దాన్ని వేళ్లమధ్య నలిపి, వాసన చూసి, కళ్లు పెద్దవి చేశాడు.

"పటేల్ సాబ్, గిది జమ్మి ఆకు! బందూకుల జమ్మి చెట్టు పెడితిరా?"

రామచందర్‌కు దసరానాటి పూజ కళ్లముందు కదిలింది. తల్లి, పూజపీట, పసుపునీళ్లు, బంగారమంటూ అందరి చేతుల్లో పెట్టిన జమ్మి. బందూకుకు చేతులు లేవు కనుక, దాని వాటా నోట్లో పెట్టి ఉంటుంది.

యోబు మూడు గొట్టాలు బల్ల మీద పెట్టాడు. సన్నది తేలిక, నడుస్తూ కొట్టడానికి. మధ్యరకం అందరూ కొనేది. మూడోది రోకలి అంత లావు.

"గిది అదరదు. కొడితే పంది కంట్లనే. ఏ కన్నో ముందే చెప్పుకోవాలె. కానీ చేతులతోని పట్టుడు కష్టం పటేల్ సాబ్. కింద ఏదన్న ఆసరా పెట్టి కొట్టాలె. గోడనో, బండనో. నా మాటింటే నడిమిదే..."

రామచందర్ చెవుల్లో మాత్రం సోమేశ్వర్ మాటే మోగుతోంది. లావుదే బిగించమన్నాడు.

ఇంటికి రాగానే తల్లి మీద విరుచుకుపడ్డాడు. "అమ్మా! బందూకుల జమ్మి కుక్కుతరా ఎవరన్న? గొట్టం పగిలి నా మొకం పోతుండె!"

ఈశ్వరమ్మ తొణకలేదు. "పోయిందా?"

"పోలె."

"ఎందుకు పోలె? జమ్మి ఉండెవట్టి పోలె. నాకు దండం పెట్టుడు మర్శి మీదికెళ్లి కోపమా?"

రామచందర్ బందూకు అందుకొని పెరట్లోకి నడిచాడు. జామకాయకు గురి పెట్టాడు. గొట్టం నెమ్మదిగా జామకాయ నుంచి గోడకు, గోడ నుంచి గాబుకు, గాబు నుంచి అతని కాలి బొటనవేలికి దిగింది. మూడుసార్లు ఎత్తాడు. మూడుసార్లూ అది వేలి దగ్గరికే వచ్చింది. తలుపు చాటునుంచి కస్తూరమ్మ చూస్తూనే ఉంది.

"ఆసరా పెట్టి కొట్టాలె," అన్నాడు గట్టిగా, ఎవరూ అడగకపోయినా. అటూ ఇటూ చూశాడు. బావి పక్కన కస్తూరమ్మ బట్టలు ఉతికే బండ కనబడింది. తాండూరు రాయి. నున్నగా, మంచి మందంగా, నడుమెత్తులో రెండు దిమ్మెల మీద కూర్చుని ఉంది. కస్తూరమ్మ కాపురానికి వచ్చిన ఏడు పట్టుబట్టి వేయించుకున్నది.

"అది నా బండ," అంది కస్తూరమ్మ, అతని చూపు ఎటు పోతుందో కనిపెట్టి.

"పదిహేను రోజులే. కంది కోసినంక తెచ్చి పెడ్త."

"అందాక బట్టలు?"

"గోడకేసి కొట్టు."

ఆ రాత్రి అతనికి పప్పులో ఉప్పు తగల్లేదు. మిగతావాళ్ల పప్పులో సరిగ్గానే ఉంది.

మరునాడు బండ ఎడ్లబండి ఎక్కి చేనికి పోయింది. మంచె కిందికి చేరాక ఎల్లప్ప దాన్ని చూసి, మంచె గుంజలను చూసి, పటేలును చూశాడు.

"పటేలా, మంచె మనిషి కోసం ఏసింది. బండ కోసం కాదు."

"మనం బండకన్న బరువున్నం. ఫికర్ చెయ్యకు. గుంజు!"

తాళ్లు కట్టి గుంజారు. సాయంత్రానికి బండ పైకెక్కింది. దాని వెనక రామచందర్ ఎక్కాడు, అతని వెనక ఎల్లప్ప. మంచె ఒకసారి మూలిగింది. రామచందర్ బండ మీద గొట్టం ఆనించి చూశాడు. రవ్వంత కూడా కదల్లేదు. రెండురోజుల్లో మొదటిసారి అతనూ కదలకుండా కూర్చున్నాడు.

పొద్దు గుంకుతుండగా కంది సాళ్లలో అలికిడి. పెద్ద పంది ముందు, పిల్లలు వెనక. రామచందర్ ఊపిరి బిగబట్టి, ఇంకాస్త బాగా కనబడుతుందని పిసరంత ముందుకు జరిగాడు. ఆ పిసరంత మంచెకు ఎక్కువైంది.

ముందువైపు గుంజ ఫెళ్లున విరిగింది. మొదట బండ జారింది. అది పోయి ఎల్లప్ప వంట చేసుకునే చోట పేర్చిన ఖాళీ కిరసనాయిలు డబ్బాల మీద పడి, డబ్బాలను అణచి, కింద ఉన్న రాతి మీద రెండు ముక్కలైంది. వెనకే రామచందర్ గడ్డికుప్ప మీద, ఎల్లప్ప రామచందర్ మీద పడ్డారు. బందూకు కాస్త దూరంగా బురదలో పడింది. గుండు మాత్రం పేలలేదు. బండ, డబ్బాల చప్పుడుకే గుట్ట మారుమోగింది. పందులు తోకలెత్తి ఎటు పోయాయో కూడా తెలియలేదు.

"సప్పుడు మస్తొచ్చింది పటేలా," అన్నాడు ఎల్లప్ప, అతని మీదినుంచి లేస్తూ.

తర్వాత మూడురోజులు కంది చేనులో పంది అడుగు పడలేదు. కాలికి పసుపు పట్టు వేసుకుని రామచందర్ మంచంలో దొర్లుతూ ఉండగా నాలుగోరోజు పొద్దున సోమేశ్వర్ వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. ఈసారి నమస్కారంలో ఎగతాళి లేదు.

"ఏం గొట్టం తెచ్చినవ్ రామచందర్? మొన్న పిడుగు పడ్డదనుకున్న. నీ పందులన్నీ నా చేన్ల పడ్డయి! సగం సాళ్లు లేపినయి. యోబు దగ్గర గసొంటిది ఇంకోటుందా?"

రామచందర్ కస్తూరమ్మ వైపు చూశాడు. కస్తూరమ్మ గోడ వైపు చూసింది. గోడకు సబ్బు మరకలున్నాయి.

"ఉన్నదో లేదో," అన్నాడు రామచందర్ మీసం సవరించుకుంటూ. "లావుది. నీ చేతుల బలముంటేనే అనుకో."

సోమేశ్వర్ ఆ పొద్దటి రైలుకే తాండూరు పోయాడు.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు. ఎల్లప్ప కూడా వసారాలో ఆకు వేసుకున్నాడు. చేను భయం తీరింది కదాని ఈశ్వరమ్మ నెయ్యి కాస్త ఎక్కువే వడ్డించింది. కస్తూరమ్మ మాత్రం చారు పోస్తూ నెమ్మదిగా అంది.

"పందులు మళ్ల వస్తయి. అవి బందూకుకు పోలె. నా బండకు పోయినయి."

రామచందర్ ముద్ద కలిపాడు, విడిచిపెట్టాడు, మళ్లీ కలిపాడు. చివరికి ఇంటి యజమాని గొంతు సవరించుకొని తన నిర్ణయం ప్రకటించాడు.

"ఇగ బందూకు పూజపీట మీదనే ఉంటది. రేపు నేను తాండూరు పోయి రెండు బండలు తెస్త. ఒకటి కస్తూరికి. ఇంకోటి ఎల్లప్పకు, రోజూ పొద్దుగుంకంగ డబ్బాల మీద పడెయ్యనీకె."

"మంచిది కొడుకా. దసరాకు దానికి గూడ జమ్మి పెడ్త," అంది ఈశ్వరమ్మ.

కస్తూరమ్మ మొహంలో నాలుగురోజుల తర్వాత వెలుగు కనబడింది. రామచందర్ సంతోషంగా ముద్ద ఎత్తి, నోటిదాకా తెచ్చి, ఆపాడు.

"అవునూ, బండ మందం ఎంతుండాలంటవ్ ఎల్లప్పా?"

ఆ సంగతి తేలేలోపు అందరి చేతులూ ఎండిపోయాయి.